కొత్త కోడలిదేనా తప్పు? గ్రాఫిక్స్ కార్డు మార్చాక సిస్టమ్ మొరాయిస్తే...

కొత్త కోడలు ఇంట్లో అడుగుపెట్టిన వారానికి బర్రె పాలు తగ్గినా, బోరు మోటారు కాలినా, మామకు జ్వరం వచ్చినా "ఆమె వచ్చిన వేళ" అనేస్తారు. బర్రె ఎప్పుడో ముసలిదైందని, మోటారు వైండింగ్ నిరుడే సగం మాడిందని ఎవరికీ గుర్తు రాదు. కంప్యూటర్‌లో కొత్త గ్రాఫిక్స్ కార్డు పరిస్థితి కూడా అచ్చం అంతే. పెట్టిన మర్నాడు సిస్టమ్ ఆగిపోతే మొదటి నింద దాని మీదే. నేనూ అదే చేశాను, మూడు రోజుల పాటు. ఆ మూడు రోజులు నేర్పిందే ఈ వ్యాసం. మన కాలేజీలో కార్డు కొనాలని చూస్తున్నవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి, నేను ఏడ్చింది మీరు ఏడవకుండా ఉంటారని రాస్తున్నాను.

అసలు సంగతి

మాది బోరబండ. నాన్నకు అక్కడే చిన్న డీటీపీ షాపు. జిరాక్స్, ఫ్లెక్సీ డిజైన్, పెళ్లి కార్డులు. షాపులో ఉన్నది ఒక్కటే సిస్టమ్: నాలుగో తరం ఐ5-4570 ప్రాసెసర్, హెచ్81 బోర్డు, 8 జీబీ ర్యామ్. అందులో పేజ్‌మేకర్, అను ఫాంట్లు, ఫోటోషాప్. ఈ పనికి విడిగా గ్రాఫిక్స్ కార్డు అక్కర్లేదు. ప్రాసెసర్‌లోనే ఉన్న ఇంటెల్ హెచ్‌డీ 4600 సరిపోతుంది, ఏళ్లుగా సరిపోయింది కూడా.

కార్డు కావలసింది నాకు. సెకండియర్ ప్రాజెక్టులో బొమ్మలు గుర్తుపట్టే మోడల్‌కు ట్రైనింగ్ ఇవ్వాలి. ప్రాసెసర్ మీద పెడితే రాత్రంతా నడిచినా తెల్లారేసరికి సగం కూడా అయ్యేది కాదు. (గేమ్స్ ఆలోచన అస్సలు లేదంటే మా ఫ్రెండ్స్ నవ్వుతారు కాబట్టి అది కూడా ఉందని ఒప్పుకుంటున్నా.) గల్లీలో పిల్లలకు ట్యూషన్ చెప్పి దాచుకున్న డబ్బుతో అమీర్‌పేటలో మెట్రో ఎక్కి, ప్యారడైజ్‌లో దిగి, సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో సెకండ్ హ్యాండ్ జీటీఎక్స్ 1660 సూపర్ తెచ్చాను. 6 జీబీ మెమరీ. ఏడువేల చిల్లర. నాన్నతో ఒప్పందం: పగలు సిస్టమ్ ఆయనది, షాపు మూశాక నాది.

నేను చూసుకోనిది ముహూర్తం. అది ఆషాఢం చివరి వారం. బోనాల ఫ్లెక్సీలు ఒకవైపు, శ్రావణంలో పెళ్లిళ్లు పెట్టుకున్నవాళ్ల కార్డులు ఇంకోవైపు. నాన్నకు ఏడాదిలో చేతినిండా పని ఉండే రోజులు అవి. అప్పుడే ఆయన సిస్టమ్ విప్పాను.

ముందు రోగం పేరు సరిగ్గా చెప్పండి

"సిస్టమ్ పనిచేయట్లేదు" అంటే డాక్టర్ దగ్గర "ఒంట్లో బాలేదు" అన్నట్టే. తలనొప్పా, కడుపునొప్పా చెప్పాలి కదా. కార్డు మార్చాక వచ్చే తంటాలు దాదాపుగా ఈ ఐదు రకాలు:

1. బటన్ నొక్కితే ఏమీ తిరగదు, లేదా ఫ్యాన్ ఒక్క క్షణం తిరిగి ఆగిపోతుంది. కరెంటు దారిలో ఎక్కడో తేడా: ఊడిన కేబుల్, షార్ట్, లేదా తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోతున్న ఎస్ఎంపీఎస్.

2. ఫ్యాన్లు తిరుగుతాయి, తెర నల్లగానే ఉంటుంది. కేబుల్ తప్పు చోట ఉండడం, కార్డు సరిగ్గా కూర్చోకపోవడం, బయోస్ సెట్టింగ్.

3. విండోస్ వస్తుంది, తర్వాత తెర గడ్డకడుతుంది, లేదా నీలం తెర వస్తుంది. డ్రైవర్ మీద మొదటి అనుమానం.

4. మామూలు పనికి బాగానే నడుస్తుంది. బరువైన పని ఇవ్వగానే ఠక్కున ఆరిపోతుంది లేదా రీస్టార్ట్ అవుతుంది. కరెంటు చాలకపోవడం లేదా వేడి.

5. తెర మీద రంగు చుక్కలు, గళ్లు, చిరిగిన బొమ్మలు. విండోస్ రాకముందు, బయోస్ తెరలో కూడా ఇవి కనిపిస్తే కార్డు మెమరీయే దెబ్బతిందని గట్టిగా అనుమానించవచ్చు.

ఏ రకమో తెలిస్తే సగం పని అయినట్టే. నాకు మొదటి రాత్రి రెండో రకం, రెండో రోజు నుంచి నాలుగో రకం వచ్చాయి. రెండింటినీ ఒకే రోగం అనుకున్నాను. అక్కడే మొదటి పొరపాటు.

తెర నల్లగా ఉంటే

క్యాబినెట్ విప్పే ముందు ఒక మాట. స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్ పీకేయండి. పీకాక పవర్ బటన్‌ను ఐదారు సెకన్లు నొక్కి పట్టుకోండి, లోపల మిగిలిన కరెంటు దిగిపోతుంది. చేత్తో క్యాబినెట్ ఇనుము భాగాన్ని తాకి, ఒంటి మీది స్టాటిక్ పోయాకే కార్డు ముట్టుకోండి.

తర్వాత వరసగా చూడండి. మానిటర్ కేబుల్ ఎక్కడుంది? బోర్డు మీది హెచ్‌డీఎంఐలో ఉంటే తీసి కార్డు మీది హెచ్‌డీఎంఐలో పెట్టాలి. కార్డు కనబడగానే చాలా బోర్డులు తమ సొంత డిస్‌ప్లేను ఆపేస్తాయి. సిగ్గుగా ఉన్నా చెప్తున్నా, మొదటి రాత్రి నా అరగంట ఇక్కడే పోయింది. కంప్యూటర్ సైన్స్ చదువుతూ కేబుల్ పాత చోటనే పెట్టి "కార్డు చచ్చిపోయింది" అని ఫ్రెండ్‌కు మెసేజ్ కూడా పెట్టాను.

కేబుల్ సరిగ్గా ఉంటే కార్డు తీసి మళ్లీ పెట్టండి. స్లాట్ చివర చిన్న క్లిప్పు ఉంటుంది, అది టక్కుమనాలి. కార్డు మీద పవర్ పిన్నుల గూడు ఉంటే అందులో కేబుల్ పూర్తిగా దిగిందా చూడండి. బోర్డుకు చిన్న స్పీకర్ తగిలిస్తే బీప్‌లు వినిపిస్తాయి. ఒక పొడుగు బీప్, వెంట రెండో మూడో పొట్టి బీప్‌లు వస్తే చాలా బోర్డుల్లో అది డిస్‌ప్లే గొడవ అని అర్థం. కంపెనీని బట్టి మారుతుంది కాబట్టి బోర్డు మాన్యువల్‌తో సరిచూసుకోండి. కొత్త బోర్డుల్లో బీప్ బదులు సీపీయూ, డీర్యామ్, వీజీఏ, బూట్ అని నాలుగు చిన్న లైట్లు ఉంటాయి. ఏది ఆరకుండా వెలుగుతూ ఉంటే బోర్డు అక్కడ ఆగిపోయిందన్నమాట.

అప్పటికీ రాకపోతే కార్డు తీసేసి, మానిటర్ కేబుల్ బోర్డుకే పెట్టి, పాత పద్ధతిలో ఆన్ చేయండి. వచ్చిందా? అయితే బయోస్‌లోకి వెళ్లి ప్రైమరీ డిస్‌ప్లే అనే చోట ఏముందో చూడండి. ఐజీఎఫ్ఎక్స్ అంటే లోపలి గ్రాఫిక్స్, పీఈజీ అంటే స్లాట్‌లో పెట్టిన కార్డు. పీఈజీ లేదా ఆటో ఉండాలి. బోర్డు కంపెనీ కొత్త బయోస్ ఇచ్చి ఉంటే, కార్డు లేకుండా సిస్టమ్ నిలకడగా ఉన్నప్పుడే అప్‌డేట్ చేయండి. బయోస్‌లోకే పోలేకపోతే ప్లగ్ పీకి, బోర్డు మీది గుండ్రటి సీఆర్2032 బ్యాటరీని కాసేపు తీసి పెడితే సెట్టింగులు మొదటికి వస్తాయి. ప్రాసెసర్ పేరు చివర ఎఫ్ ఉంటే (ఐ5-12400ఎఫ్ లాంటివి) లోపలి గ్రాఫిక్స్ ఉండదు కాబట్టి కార్డు లేకుండా తెర రాదు. అది చూసి బోర్డు పోయిందని భయపడకండి.

నడిచిన చోటికి వెనక్కి వెళ్లండి

పై పేరాలో "కార్డు తీసేసి పాత పద్ధతిలో" అన్నాను కదా, మొత్తం వ్యాసంలో నాకు బాగా ఖరీదైన పాఠం అదే. రిపేర్ అంటే ముందుకే పోవాలని అనుకుంటాం. ఇంకో డ్రైవర్, ఇంకో సెట్టింగ్, ఇంకో వీడియో. మొదట చేయాల్సింది ఆఖరుసారి ఎక్కడ బాగా నడిచిందో అక్కడికి తిరిగి రావడం.

రెండో రోజు రాత్రి ట్రైనింగ్ మొదలుపెట్టిన రెండు నిమిషాలకే సిస్టమ్ ఆరిపోయింది. మళ్లీ పెట్టాను, మళ్లీ ఆరిపోయింది. డెస్క్‌టాప్ మీద ఊరికే ఉంచితే మాత్రం గంటైనా ఏమీ కాలేదు. పొద్దున నాన్న వచ్చే లోపు కార్డు తీసేసి ఉంటే ఆయన పని ఆయన చేసుకునేవారు. నేను తీయలేదు. "మామూలు పనికి బానే ఉంది కదా" అనుకుని పడుకున్నాను.

పదకొండింటికి ఫోన్. నాన్న ఫోటోషాప్‌లో పెద్ద ఫ్లెక్సీ చేస్తున్నారు. కార్డు కనబడగానే ఫోటోషాప్ దాన్ని కూడా వాడుకోవడం మొదలుపెడుతుందని నాకు తట్టలేదు. ఫైలు బరువెక్కాక ఏదో ఫిల్టర్ నొక్కారు, సిస్టమ్ ఆరిపోయింది. సేవ్ చేయని రెండు గంటల పని పోయింది. ముందర పార్టీ నిలబడి ఉంది.

"నిన్నటిదాక మంచిగనే ఉండె గదరా. ఏం చేసినవ్ దానికి?"

"కార్డు ఖరాబుగ ఉన్నట్టుంది డాడీ. దుకాణపోడు మోసం చేసిండు."

ఆయన ఇంకేం అనలేదు. పెన్ డ్రైవ్‌లో ఫైళ్లు వేసుకుని మోతీనగర్‌లో దోస్తు షాపుకు పోయి అక్కడ కూర్చుని పని చేసుకున్నారు. పెళ్లి కార్డులు అను ఫాంట్లలో ఉంటాయి, అవి యూనికోడ్ కావు. అదే సాఫ్ట్‌వేర్ ఉన్న సిస్టమ్ దొరికితేనే తెరవగలం, మన ల్యాప్‌టాప్‌లో పెడితే అక్షరాల చోట పిచ్చి గుర్తులు వస్తాయి. ఆ రోజు షాపు షట్టర్ సగం దించి ఉండడం నేను కాలేజీ నుంచి వచ్చాక చూశాను.

డ్రైవర్ మీద పడ్డాను

ఆ సాయంత్రం నేను చేసింది చాలామంది చేసేదే. డ్రైవర్ తీసి మళ్లీ వేశాను. అది తప్పు పని కాదు, కానీ సరైన పద్ధతి ఉంది. సేఫ్ మోడ్‌లోకి వెళ్లి డిస్‌ప్లే డ్రైవర్ అన్‌ఇన్‌స్టాలర్ అనే ఉచిత టూల్‌తో పాత డ్రైవర్లను మొత్తం కడిగేసి, కార్డు కంపెనీ సైటు నుంచి తెచ్చినది వేయాలి. ఆ సమయంలో నెట్ ఆపి ఉంచితే విండోస్ మధ్యలో తన డ్రైవర్ వేయదు.

తర్వాత ఈవెంట్ వ్యూయర్ చూడండి. డ్రైవర్ గొడవైతే సాధారణంగా 4101 నంబరుతో ఒక ఎంట్రీ ఉంటుంది. కార్డు రెండు సెకన్లలోపు జవాబు ఇవ్వకపోతే విండోస్ దాన్ని తట్టి లేపుతుంది. తెర ఒకసారి నల్లబడి మళ్లీ వస్తుంది. నాకు కనిపించింది అది కాదు, కెర్నల్-పవర్ 41. ఆ ఎంట్రీకి అర్థం "సిస్టమ్ సరిగ్గా షట్‌డౌన్ కాకుండా ఆగిపోయింది" అని మాత్రమే. ఎందుకు ఆగిందో అది చెప్పదు. కానీ వివరాల్లో బగ్‌చెక్ కోడ్ సున్నా ఉంది. అంటే విండోస్‌కు నీలం తెర చూపించి రెండు ముక్కలు రాసుకునే టైమ్ కూడా దొరకలేదు. గొంతు పట్టుకున్నట్టు కరెంటు పోయింది. ఆ సున్నా దగ్గరే నేను డ్రైవర్‌ను వదిలేయాల్సింది.

ఒకే సాక్ష్యం, రెండు తీర్పులు

మూడో రాత్రి ఒక ప్రయోగం చేశాను. ఇది మాత్రం మంచి ప్రయోగమే. కార్డు ఎంత కరెంటు తాగాలో హద్దు పెట్టే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. ఎమ్ఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్‌లో పవర్ లిమిట్‌ను 60 శాతానికి దించి ట్రైనింగ్ పెట్టాను. ఆరిపోలేదు. అరగంట నడిచింది. 100కు తెచ్చాను, రెండు నిమిషాల్లో ఆరిపోయింది.

దీన్నుంచి నేను తేల్చింది: "కార్డు పూర్తి శక్తితో నడవలేకపోతోంది, అంటే కార్డు పోయింది." నా అనుమానానికి ఆధారం కూడా దొరికింది. 2022 సెప్టెంబర్ 15న ఇథీరియమ్ తన పద్ధతి మార్చుకున్నాక గ్రాఫిక్స్ కార్డులతో దాన్ని మైనింగ్ చేయడం ఆగిపోయింది. అప్పటిదాకా పగలూ రాత్రీ అరగదీసిన కార్డులు సెకండ్ హ్యాండ్ మార్కెట్లోకి వచ్చాయి, 1660 సూపర్ మైనర్లకు ఇష్టమైన కార్డుల్లో ఒకటి. ఇంకేం కావాలి? కోడలి పుట్టింటివాళ్ల మీద కూడా నింద దొరికింది.

కానీ అదే ప్రయోగానికి ఇంకో అర్థం ఉంది. పవర్ లిమిట్ తగ్గిస్తే కార్డుకు పని తగ్గుతుంది, వేడి తగ్గుతుంది, దానికి కరెంటు ఇచ్చేవాళ్ల మీద బరువూ తగ్గుతుంది. ఈ మూడింట్లో ఏది తగ్గినందుకు సిస్టమ్ నిలబడింది? వేడి కాదని తెరమీదే ఉంది: ఆరిపోయే ముందు కార్డు 68 డిగ్రీల దగ్గర ఉంది, అది దానికి మామూలే. మిగిలింది కార్డా, కరెంటా? నేను ముందే తీర్పు రాసుకుని కూర్చున్నా కాబట్టి రెండో ప్రశ్న వేసుకోలేదు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు.

"ఇంకో సిస్టంల పెట్టి చూసినవా?"

మా గల్లీలో సిస్టమ్స్ రిపేర్ చేసే అన్న ఒకాయన ఉన్నారు. వెనకట అమీర్‌పేట మైత్రీవనం వైపు హార్డ్‌వేర్ కోర్సు చేశారు. కార్డు వాపస్ చేయాలి, దుకాణంవాళ్లతో మాట్లాడడానికి తోడు రమ్మని అడగడానికి పోయాను. మొత్తం విని ఒకటే అడిగారు.

"తమ్మీ, కార్డు ఖరాబైందని ఎట్ల చెప్తవ్? ఇంకో సిస్టంల పెట్టి చూసినవా?"

చూడలేదు. మూడు రోజుల్లో నాలుగు డ్రైవర్లు మార్చాను, రెండుసార్లు విండోస్ వేద్దామనుకున్నాను, ఆ ఒక్క పని చేయలేదు. ఎందుకంటే ఒకేసారి మూడు మార్చేవాణ్ణి. ఏది మారితే ఏమైందో నాకే తెలియదు. అన్న పద్ధతి వేరు. ఒకసారికి ఒక్కటే మార్చు, ఏమైందో కాగితం మీద రాయి, తర్వాతే ఇంకోటి ముట్టుకో.

కార్డును అన్న టెస్ట్ సిస్టమ్‌లో పెట్టి ఫర్‌మార్క్ నడిపించాం. అరగంట పూర్తి బరువుతో నడిచింది. ఒక చుక్క లేదు, ఒక గీత లేదు. కోడలు నిర్దోషి. నేను సికింద్రాబాద్ పోయి దుకాణంవాళ్లతో పెట్టుకోబోయిన కొట్లాట గుర్తొచ్చి చెవులు వేడెక్కాయి. డాడీ ముందు "మోసం చేసిండు" అన్న మాట ఇంకా గుచ్చింది.

లేబుల్ చదవడం వస్తే చాలు

తర్వాత అన్న మా షాపుకు వచ్చి క్యాబినెట్ తెరిచారు. కార్డు వైపు చూడలేదు. కింద ఉన్న ఎస్ఎంపీఎస్ వైపు చూశారు. క్యాబినెట్‌తో పాటు ఫ్రీగా వచ్చిన, పెద్దగా పేరు లేని డబ్బా. దాని మీద పెద్ద అక్షరాల్లో 450 వాట్లు అని ఉంది. 1660 సూపర్‌కు కంపెనీ చెప్పే ఎస్ఎంపీఎస్ కూడా 450 వాట్లే. ఆ రెండు అంకెలు కలిశాయి కదా అని నేను కొనేముందు సంతోషపడ్డాను.

"గా పెద్దక్షరాలు దుకాణపోని కోసం. కింద చిన్నక్షరాలు నీ కోసం" అన్నారు అన్న.

ఎస్ఎంపీఎస్ ఒకే రకం కరెంటు ఇవ్వదు. 3.3 వోల్టులు, 5 వోల్టులు, 12 వోల్టులు అని వేర్వేరు లైన్లు ఉంటాయి. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు రెండూ దాదాపు మొత్తం 12 వోల్టుల లైన్ మీదే బతుకుతాయి. కాబట్టి చూడాల్సింది ఆ ఒక్క గడి. మా డబ్బా మీద 12 వోల్టుల కింద 16 యాంపియర్లు అని ఉంది. వోల్టులను యాంపియర్లతో గుణిస్తే వాట్లు. 12 × 16 = 192 వాట్లు. అంతే.

ఇప్పుడు ఖర్చు లెక్క. ఐ5-4570కు 84 వాట్లు. 1660 సూపర్‌కు 125. రెండూ కలిపి 209. హార్డ్ డిస్క్, ఫ్యాన్లకు ఇంకో 15 వేసుకుంటే 224. ఉన్నది 192, కావలసింది 224. పైగా గ్రాఫిక్స్ కార్డులు మిల్లీసెకన్ల పాటు చెప్పినదానికంటే ఎక్కువే లాగుతుంటాయి. వేళకు జీతం రాని ఇంట్లో పెళ్లి పెట్టినట్టుంది మా పని.

మరి 450 ఎక్కడిది? మిగతా లైన్లు కూడా కూడాను. 3.3 వోల్టుల మీద 20 యాంపియర్లు, 66 వాట్లు. 5 వోల్టుల మీద 25 యాంపియర్లు, 125 వాట్లు. అన్నీ కలిపినా 383. అంటే వాళ్ల లేబుల్ లెక్కే వాళ్ల పెద్దక్షరాలకు సరిపోలేదు.

ఇప్పుడు అన్ని లక్షణాలూ వరసలో పడ్డాయి. ఊరికే ఉన్నప్పుడు కార్డు చాలా కొద్దిగా తాగుతుంది కాబట్టి డెస్క్‌టాప్ గంటలు నడిచింది. ట్రైనింగ్ పెడితే హద్దు దాటి ఆరిపోయింది. 60 శాతానికి దించితే కార్డు 75 వాట్లకు దిగింది, మొత్తం 174, అది 192 లోపలే. అందుకే నిలబడింది. ఫోటోషాప్ ఫిల్టర్ నొక్కగానే ప్రాసెసర్, కార్డు ఒకేసారి లేచాయి, నాన్న పని పోయింది. సాక్ష్యాలన్నీ మూడు రోజులుగా నా ముందే ఉన్నాయి.

అసలు భయం ఇక్కడ

కార్డు తీసేటప్పుడు అన్న చేయి ఒకచోట ఆగింది. మా పాత ఎస్ఎంపీఎస్‌కు కార్డు కోసం 8 పిన్నుల కేబుల్ లేదు. నేను హార్డ్ డిస్క్‌కు పెట్టే సాటా పవర్ పిన్ను నుంచి 8 పిన్నులకు మార్చే కన్వర్టర్ ఒకటి కొని తగిలించాను. సరిగ్గా పట్టింది కదా, పర్లేదనుకున్నాను. ఆ సాటా పిన్ను తెల్ల ప్లాస్టిక్ ఒక మూల గోధుమ రంగులోకి మారి ఉంది.

లెక్క చూడండి. సాటా పవర్ కనెక్టర్‌లో 12 వోల్టులకు మూడు పిన్నులు, ఒక్కోదాని హద్దు 1.5 యాంపియర్లు. మొత్తం 4.5 యాంపియర్లు, అంటే 54 వాట్లు. 8 పిన్నుల గూడు 150 వాట్ల దాకా అడగడానికి పెట్టినది. మదర్‌బోర్డు స్లాట్ నుంచి గరిష్ఠంగా 75 వాట్లు వస్తాయి కానీ కార్డు అదంతా అక్కడి నుంచే తీసుకోదు, చాలావరకు పై కేబుల్ నుంచే లాగుతుంది. అంటే 54 మోయగలిగిన చోట అంతకంటే ఎక్కువే మోయించాను. కన్వర్టర్ పట్టిందంటే ఆకారం సరిపోయిందని మాత్రమే, శక్తి సరిపోయిందని కాదు.

చుట్టూ కార్డు అట్టలు, జిరాక్స్ కాగితాల కట్టలు ఉన్న షాపు అది. రాత్రి షట్టర్ వేసి, ట్రైనింగ్ పెట్టి ఇంటికి పోదామనుకున్న నేను. రెండు నిమిషాలకే ఆరిపోతుందని సిస్టమ్‌ను తిట్టుకున్నాను గానీ, అది ఆరిపోవడమే మమ్మల్ని కాపాడింది. దయచేసి సాటా నుంచి 8 పిన్నుల కన్వర్టర్ వాడకండి. ప్రాసెసర్‌కు పెట్టే 8 పిన్నుల కేబుల్‌ను కూడా కార్డుకు బలవంతంగా దూర్చకండి. చూడ్డానికి ఒకేలా ఉన్నా లోపల వైర్ల వరస వేరు. మీ ఎస్ఎంపీఎస్‌కు కార్డు కేబుల్ పుట్టుకతో లేదంటే ఆ కార్డును మోయడానికి అది పుట్టలేదని అర్థం.

మార్చాక కూడా ఒకసారి ఆగింది

మంచి కంపెనీ 450 వాట్ల ఎస్ఎంపీఎస్ తెచ్చాం, సుమారు మూడు వేలు. దాని చిన్నక్షరాల్లో 12 వోల్టుల మీద 36 యాంపియర్లు, 432 వాట్లు. పెద్దక్షరాలు పాతవే, ఇల్లు మాత్రం వేరు. ఆ రాత్రి ట్రైనింగ్ నాలుగు గంటలు ఆగకుండా నడిచింది.

రెండు రోజుల తర్వాత కరెంటు పోయిన క్షణంలో మళ్లీ ఆరిపోయింది. ఈసారి ఎవరినీ తిట్టలేదు, యూపీఎస్ లేబుల్ చదివాను. 600 వీఏ అని పెద్దగా, 360 వాట్లు అని చిన్నగా. సిస్టమ్ పూర్తి బరువులో 250 వాట్లు తింటుంది అనుకుంటే, ఎస్ఎంపీఎస్ 85 శాతం సామర్థ్యంతో గోడ నుంచి దాదాపు 295 లాగుతుంది. మానిటర్‌కు ఇంకో 25. మొత్తం 320. నాన్న ప్రింటర్ కూడా దానికే ఉంది. పైగా బ్యాటరీ పాతది. ప్రింటర్‌ను గోడ ప్లగ్‌కు మార్చి, షాపు తెరిచి ఉన్నప్పుడు కార్డు పవర్ లిమిట్ 70 శాతం దగ్గర పెట్టాం. సమస్య పోయింది. మీ ఇంట్లో లేజర్ ప్రింటర్ ఉంటే దాన్ని ఎప్పుడూ చిన్న యూపీఎస్‌కు పెట్టకండి, వేడెక్కే క్షణంలో అది లాగే కరెంటుకు యూపీఎస్ నిలవదు.

కొనే ముందే ఈ ఆరు

1. ఎస్ఎంపీఎస్ లేబుల్‌లో 12 వోల్టుల యాంపియర్లు చూసి 12తో గుణించండి. ప్రాసెసర్, కార్డు వాట్లు కలిపి, పైన కనీసం మూడో వంతు ఖాళీ ఉండాలి.
2. కార్డుకు 6 పిన్నులా, 8 పిన్నులా, అసలు అక్కర్లేదా? 75 వాట్లలోపు కార్డులు చాలావరకు స్లాట్ కరెంటుతోనే నడుస్తాయి. పాత సిస్టమ్స్‌కు అవే మేలు.
3. క్యాబినెట్ లోపల స్కేలుతో కొలవండి. పొడవు పట్టక హార్డ్ డిస్క్ గూళ్లు కోసినవాళ్లు నాకు తెలుసు.
4. సెకండ్ హ్యాండ్ అయితే డబ్బు ఇవ్వకముందే దుకాణంలోనే పదిహేను నిమిషాలు బరువు మీద నడిపించమనండి. జీపీయూ-జెడ్ తెరిచి చూడండి, పేరు మార్చి అమ్మే నకిలీ కార్డులు చాలావరకు అక్కడ దొరికిపోతాయి.
5. యూపీఎస్ వాట్లు చూడండి, వీఏ కాదు.
6. ఇంట్లో వేరేవాళ్ల పని ఆ సిస్టమ్ మీద ఉంటే, వాళ్ల పని లేని వారం చూసుకుని విప్పండి. ఇది లేబుల్ మీద రాసి ఉండదు.

నిజంగా కార్డే పోయిన సందర్భాలు ఉండవని కాదు. రెండు వేర్వేరు సిస్టమ్స్‌లో ఒకే తంటా ఇస్తే అప్పుడు నింద వేయండి, వారంటీ ఉంటే వాడండి. అప్పటిదాకా అది అనుమానితుల్లో ఒకటి మాత్రమే. కొత్తగా వచ్చింది కాబట్టి మొదట అటు చూస్తాం. కానీ చాలాసార్లు అది చేసే పని, ఇంట్లో ఎప్పటినుంచో ఉన్న బలహీనతను బయటపెట్టడం.

నాన్న ఆ సీజన్‌లో రెండు ఆర్డర్లు వదులుకున్నారు. ఎంత పోయిందని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. మొన్న షాపుకు కొత్త లామినేషన్ మెషిన్ వచ్చింది. నేను పెట్టె విప్పి ప్లగ్ యూపీఎస్ వైపు తీసుకెళ్తుంటే ఆగమన్నారు. మెషిన్‌ను బోర్లా తిప్పి, కళ్లజోడు పైకి తోసి, కింద అంటించిన స్టిక్కర్ మీది చిన్నక్షరాలు చదవడం మొదలుపెట్టారు.